చుక్కల తాంబేలు

హలో… హలో… ఆ, నేనే! తాంబేలు ఇమామ్‌నే. పొద్దుగాలకెల్లి ఇది మూడోసారి చేసుడు… జెర గట్టిగ మాట్లాడుండ్రి, ఇక్కడ ఎనుక సమ్మెటలు కొడుతున్నరు. … లాలాగూడ. రైల్వే వర్క్‌షాప్. హాజరీ రాసే గుమాస్తాను.

పొద్దుగాల మాట్లాడింది మీరేనా? … కాదా? మరి ఆమె ఏమాయె? … అంటె మళ్ల మొదటికెల్లి షురూ చెయ్యాల్నా!

మీ పేరేందమ్మా? … దేవకృప. మంచిది. దేవుని కృప మీ పేర్లనే ఉన్నది గని మీ గొడ్ల దవాఖానల యాడ అగుపడ్తలేదు. … లేదు లేదు, మిమ్మల్ని గాదు అన్నది. కోపంతోని ఫోన్ పెట్టకుండ్రి. ఫోర్‌మన్ సాబ్ అన్నానికి పోయిండు, ఆయన రూముల కూసోని మాట్లాడుతున్న. రెండింటికి సైరన్ కొట్టంగనే వస్తడు. గంతల్నే నా పని కావాలె.

వినుండ్రి. సోమవారం నాడు మీ కిటికీల ఒక జర్దా డబ్బీ ఇచ్చిపోయిన. ఇత్తడిది. మూత మీద నెమలి ఉంటది. … అయ్యో, జర్దా మీకెందుకిస్తనమ్మా? దాంట్ల తాంబేలు పెంట ఉన్నది. కడుపుల పురుగులున్నయో లేవో ఖుర్దుబీన్ కింద పెట్టి చూసి చెప్తమన్నరు. … ఖుర్దుబీన్. కంటికి ఆననిది పెద్దగ చూపే యంత్రం. … ఆ, గదే.

నవ్వుతున్నరు. నవ్వుండ్రి. ఆ దినం మీ వరండల బర్ల నడుమ లైన్ల నిలవడితె బర్లు సుత నన్ను చూసి నవ్వినయి. ఒకాయన అడుగుతడు, 'తాతా, పాలెన్ని ఇస్తది' అని.

… దాని పేరా? తూఫాన్. … ఆ, తూఫానే. గాలిదుమారం. నేను పెట్టలే ఆ పేరు. రైలింజన్లు బాగుచేసే ఫిట్టర్ పెట్టిండు, వానికి అన్నీ పరాష్కమే. పేరుతోని మనకేం పని, రిపోర్ట్ వచ్చిందో లేదో చూడుండ్రి.

…

ఉన్న. లైన్ల ఉన్న. ఏడికి పోత?

…

దొరికిందా! అల్‌హందులిల్లా. చదువుండ్రి. … ఏమని? … 'పురుగు లేదు.'

పురుగు లేదా? మళ్లొకసారి చూడుండ్రి. … పురుగు లేదు.

ఏమోనమ్మా, సంబురపడాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదు. పురుగులు లేకుంటె మరెందుకు తింటలేదది? ఇరవైరెండు దినాలాయె. దోసకాయ పెట్టిన, పుంటికూర పెట్టిన, మందార పువ్వంటె ఉరికొచ్చేది, ఇప్పుడు ముక్కు మీద పెట్టినా తల బయటికి తీస్తలేదు. మా ఇంటామె షహర్ బానో అంటది, పెంటల దారం ముక్క అంత తెల్లది కదిలింది, నేను చూసిన అని. నా కండ్లకు ఆనలే. ఇగ ఇద్దరికీ అదే పంచాయితి. నువ్వు గుడ్డోనివి అని ఆమె, నీకు అన్నీ కదిలినట్టే అగుపడ్తయి అని నేను.

గందుకే గదమ్మా మీ దాక వచ్చింది! అప్పుడు ఒక ముసలి డాక్టర్ సాబ్ ఉండె… ఆ, బదిలీ అయి పోయిండట గదా… ఆయన పురుగుల మందు పొట్లం ఇచ్చి గట్టిగ చెప్పిండు. 'ఇమామ్, ముందుగాల పెంట చూపియ్యి. పురుగులున్నయంటేనే ఈ మందు పొయ్యి. లేవంటె పొయ్యకు. ఒట్టి కడుపుల పడితె ఈ మందే దాన్ని సంపుతది' అని. పొట్లం పదిహేను దినాలకెల్లి నా జేబుల ఉన్నది. తినందే పెంట ఎయ్యది గదా, తొమ్మిది దినాలు కాపలా కాసిన దాని ఎనుక. మా షహర్ బానో అంటది, నా పిల్లల పీతిగుడ్డలు ఒక్కనాడు ముట్టలే, ఇప్పుడు తాంబేలు ఎనుక డబ్బీ పట్టుకొని తిరుగుతున్నవా అని.

సరే. పురుగు లేదంటిరి. పొట్లం పారేస్త. … ఆ? … ఇంకేమన్న రాసి ఉన్నదా ఆ కాగితం మీద? పైకెల్లి కిందిదాక చదువుండ్రి, ఒక్క మాట ఇడిసిపెట్టకుండ్రి. … తెచ్చినోని పేరు, ఇమామ్. ఆ. … తారీఖు, ఆ. … జంతువు…

ఏందీ?

వానపామా?

ఎవని వానపాము? … 'జంతువు: వానపాము.' అట్లనే ఉన్నదా! అమ్మా, దేవకృపమ్మా, వానపామును పట్టుకొని లాలాగూడకెల్లి సికింద్రాబాద్ దాక గొడుగేసుకొని నడిచొస్తనా నేను? వానపాముకు కడుపునొప్పి అని దవాఖానకు వచ్చేటంత పిచ్చోని లెక్క అగుపడ్డనా?

… ఆ. … ఆ. … అంటె, నేను వానపామును తెచ్చిన్ననుకొని మీ కొత్త డాక్టర్ సాబ్ మూత తీసి చూసిండు. డబ్బీల వానపాము లేకపాయె. గందుకని 'పురుగు లేదు' అని రాసిండు. … ఖుర్దుబీన్ కింద పెట్టనే లేదు. … కండ్లతోని చూసి, రాసి, మూత పెట్టిండు.

యా అల్లా! ఇప్పుడే పొట్లం పారేస్తుంటి గదమ్మా! పురుగుల్లేవని మందు పారేసి, ఇంటికి పోయి, అది సచ్చేదాక దాని ముంగట కూసుందు!

ఎవరు రాసిండ్రమ్మా వానపామని? … నేనా? నేనెందుకు రాస్త! మీ ఫారం అంగ్రేజీల ఉండె, నాకు రాదు, గందుకని ఉర్దూల రాసిన. 'కచ్వా' అని రాసిన. కచ్వా అంటె తాంబేలు. … 'కేచ్వా' అని ఉన్నదా? కేచ్వా అంటె వానపాము! కచ్వాను కేచ్వా అని చదివినోడు ఎవడు? డాక్టర్ సాబ్ మద్రాస్ దిక్కాయన, ఆయనకు ఉర్దూ రాదు గదా, మరి ఆయనకు చదివి చెప్పినోడు…

మీరా!

మీరే చదివిండ్రు. బాగున్నది. యాడ నేర్చిండ్రమ్మా ఉర్దూ? … మిషన్ స్కూల్ల. మీ వాళ్లది ఏ దిక్కు? … గుంటూరు. గదీ సంగతి. గుంటూరుకెల్లి వచ్చి, మిషన్ స్కూల్ల నాలుగేండ్లు అలిఫ్ బే దిద్ది, ముప్పైనాలుగేండ్లకెల్లి హాజరీ రాస్తున్నోని రాతకు తప్పులు పడుతున్నరు. గుడ్డొచ్చి పిల్లను ఎక్కిరిచ్చిందంటె గిదే.

… ఏందీ? అక్షరం అక్షరం చదువుతరా? చదువుండ్రి, వింట. … కాఫ్. ఆ. … తర్వాత ఒక పల్లు, అంటె పంటి లెక్క పొట్టి గీత. కింద చుక్కలు, గందుకే 'కే' అయిందంటరా. … ఇంకో పల్లు. … వావ్. అలిఫ్. … రెండు కండ్ల హే యాడున్నదంటరా? చే తర్వాత ఉంటది గదా! కచ్వా అంటె చే ఎనుక రెండు కండ్ల హే రావాలె, అది లేకుంటె కచ్వా యాడిది! … లేదా? … ఒట్టి గీత ఉన్నదా?

అమ్మా, దాన్ని దఫ్తర్ రాత అంటరు. పొద్దుగాల ఏడింటికి ఆరువందల మంది గేట్ల నిలవడితె ఒక్కొక్క హేకు రెండేసి కండ్లు గీసుకుంట కూసుంటనా? గుంజేస్తం. చుక్కలు గిట్ల జల్లేస్తం. చదువొచ్చినోడు ముంగటి మాట ఎనుకటి మాట చూసి పోల్చుకుంటడు. జంతువు దగ్గర రాసి ఉన్నది, దవాఖాన కాగితం, వానపామును ఎవడన్న తెస్తడా అని జెర సోంచాయించాలె గదా!

… 'ఉన్నది ఉన్నట్టు చదివిన, ఉండాల్సింది చదవలే.' … శాన పెద్ద మాట చెప్పిండ్రు. మా ఉస్తాద్ సాబ్ ఒక మాట చెప్పెటోడు, మీరు సుత వినుండ్రి. ఒక్క నుఖ్తా, అంటె ఒక్క చుక్క, కింది మీదయితె ఖుదా కాస్త జుదా అయితడు. దేవుడని రాసింది విడిపోయినోడు అని అయితది. చుక్కలతోని గంత హుషార్‌గ ఉండాలె చదివేటోడు.

… ఆ? … రాసేటోడా? … రాసేటోడు సుత, అనుకో.

అట్లంటరేందమ్మా, నేను ఒర్లుతలేను. … సరే, ఒర్లిన. మాఫ్ చెయ్యుండ్రి. బిడ్డా అంట, మా పెద్దబిడ్డ హనీఫా అంత ఉంటవు గొంతు వింటె. … విను బిడ్డా. నా తక్లీఫ్ ఏందో చెప్త, అప్పుడు నీకే అర్థమైతది.

ఆ తాంబేలు నాది గాదు. మౌలా అలీది. చెప్పిన గదా ఫిట్టర్ అని. … రేపు వస్తున్నడు. రేపు పొద్దుగాల బండికి, సికింద్రాబాద్ స్టేషన్‌ల దిగుతడు. రెండేండ్లకు.

… ఊరు గాదు బిడ్డా. జైలుకెల్లి.

… రజాకారా! మౌలా అలీయా? పంటికింద రాయి వస్తె సుత వాళ్లమ్మను ఏమనకుండ తినేటోడు. పోలీస్ యాక్షన్ అయింది సూడు, ఆ ఐదు దినాలు మన ఊరంత తలుపులేసుకొని కూసుంటె, వాడు ఇక్కడనే, ఈ షెడ్లనే, ఇంజన్ కింద పండుకొని బోల్టులు బిగిస్తున్నడు. నా ముంగటకెల్లే లోపలికి పోయిండు, నా ముంగటకెల్లే బయటికి పోయిండు. ఐదు దినాలు నేనే హాజరీ ఏసిన. తర్వాత రెండు నెలలకు ఎవడో కంట్లె కారం పెట్టుకున్నోడు పేరు చెప్పిండు. పటాలపోళ్లు వచ్చి అడిగిండ్రు, ఆ ఐదు దినాలు యాడున్నవు అని. పనిల ఉన్న సాబ్ అన్నడు. అయితె హాజరీ పుస్తకం తెండ్రి అన్నరు. నేనే తీస్కపోయి ఇచ్చిన, ఇగ ఇడిసిపెడ్తరు అని ధైర్నంగ ఇచ్చిన.

… ఇడిసిపెట్టలే. పుస్తకం చూసిండ్రు, తీస్కపోయిండ్రు. నాకు అర్థం గాలే. నెల దినాలకు పుస్తకం వాపస్ వచ్చింది, మనిషి రాలే. దరఖాస్తు పట్టుకొని మూడుసార్లు పోయిన, గేటు కాడనే ఆపిండ్రు. యాడికెల్లి వచ్చిండ్రో, వాళ్లకు ఉర్దూ ఏం తెలుస్తది! అచ్చు నీ లెక్కనే, ఎవడో బడిల చదివినోన్ని కూసోబెట్టి చదివిచ్చి ఉంటరు. … తిడుతలేను బిడ్డా. ఉన్న మాట చెప్తున్న. చదువొచ్చినోడు ఒక్కడుంటె నిమిషంల అయిపోవు.

లారీ ఎక్కేటప్పుడు నాతోని రెండే మాటలన్నడు. 'అమ్మను చూస్కో. తూఫాన్‌ను చూస్కో.' గంతే. … వాళ్లమ్మ ఖమర్ బీ. మొన్న చలికాలం పోయింది. రోజు అడిగేది నన్ను, 'ఇమామ్, పుస్తకంల నా కొడుకు హాజిర్ అనే ఉన్నది గదా' అని. ఉన్నది పెద్దమ్మా, సాఫ్‌గ ఉన్నది, చదవరాని ఎదవలు ఆగం చేసిండ్రు అనేటోన్ని. ఆ మాట మీదనే పోయింది ఆమె. ఉండే క్వార్టర్ సుత వేరేటోళ్లకు ఇచ్చేసిండ్రు. రేపు బండి దిగినంక వానికి చూపియ్యనీకి నా దగ్గర ఏమున్నది చెప్పు? తల్లి లేదు, ఇల్లు లేదు. ఆ చుక్కల తాంబేలు ఒక్కటే ఉన్నది. అది సుత సచ్చిపోతె నా మొకం ఎట్ల చూపియ్యాలె?

… బిడ్డా? లైన్ల ఉన్నవా?

… ఆ. … డబ్బీ పారెయ్యలేదా? ఉన్నదా! తడి దూది పెట్టిన దాంట్ల, ఎండి ఉండది. … ఇప్పుడే? డాక్టర్ సాబ్ ఉన్నడా? … గాజు పలక మీద రాసి చూస్తె పది నిమిషాలేనా? పో బిడ్డా పో, నీకు పుణ్యముంటది. ఫోన్ పెట్టకు, బల్ల మీద బోర్లేసి పో. మళ్ల కలుపుమంటె ఆ ఆపరేటర్ సాయంత్రం జేస్తది.

…

…

ఎవరు? … మాట్లాడుతున్న అమ్మా. … మాట్లాడుతనే ఉన్న! … అవతల ఎవరూ లేరు, నాకు తెలుసు. ఆమె తాంబేలు పెంట చూపియ్యనీకి డాక్టర్ దగ్గరికి పోయింది. … పెంట. ప, ఎ… తమాషా చేస్తలేను ఆపరేటరమ్మా, మీ కాళ్లు మొక్కుత, లైన్ కొయ్యకుండ్రి. … రైల్వే పనే. తాంబేలు రైల్వేదే. పేరు తూఫాన్. … హలో? … పోయింది. లైన్ ఉన్నదో పీకిందో.

… హలో! ఆ, నేనే బిడ్డా. ఉన్న. … ఇచ్చి వచ్చినవా? చూస్తున్నడా? … ఏమన్నడు? … 'వానపాము పెద్దదై తాంబేలు అయిందా' అన్నడా. అనని. ఇయ్యాల ఎవడేమన్నా పడ్త.

… నీ తప్పు లేదన్నడా? … నా రాత చూపిచ్చినవా డాక్టర్‌కు? 'ఎవరు రాసినా ఇది వానపామే' అన్నడా? ఆయనకు ఉర్దూ రానే రాదంటివి గదా! … గీతలు లెక్కపెట్టి చెప్పిండా. బాగున్నది. ఇగ గీతలు లెక్కపెట్టేటోళ్లు సుత నా రాత మీద తీర్పులు చెప్పుడే.

ఉండు. నీకు ఇయ్యాల సబూత్, అంటె సాక్ష్యం, చూపిస్త. … చూపెట్టలేను గని, చదివి వినిపిస్త. ఇక్కడ ఫోర్‌మన్ సాబ్ అల్మారిలనే ఉన్నయి నా పాత పుస్తకాలు. ఈ ఏడాదికెల్లి హాజరీ అంగ్రేజీల షురూ అయింది గదా, నన్ను మూలకు కూసోబెట్టి, నా పుస్తకాలు దీంట్ల పడేసిండ్రు. … ఆగు… ఇదో… గిదే ఆ పుస్తకం. ఆబాన్ నెల. అంటె మీ లెక్కల సెప్టెంబరు. ఆ పేజీ వెతకనవసరం లేదు, యాడ పట్టుకున్నా అక్కడనే తెరుసుకుంటది, పటాలపోళ్లు గంతగనం తెరిచి పెట్టిండ్రు.

విను. హాజిర్ అంటె పనికొచ్చినోడు. దానికి పెద్ద హే ఒక్కటి రాస్తం. పొట్టతోని ఉంటది, చుక్క ఉండది. బీమార్, జ్వరం గిట్ల వచ్చినోడు అయితె, బే. పండబెట్టిన గీత, కింద ఒక్క చుక్క. ఖారిజ్ అంటె పనిలకెల్లి పేరు కొట్టేసినోడు. దానికి ఖే. … ఆ, ఖే సుత పెద్ద హే లెక్కనే ఉంటది, నెత్తి మీద చుక్క, గంతే తేడా. నీకు తెలుసు గదా అదంత.

చదువుతున్న. లామ్ అక్షరం కింద, లూకా అని ఇంకో ఫిట్టర్. ఆ ఐదు దినాలు లూకాకు మలేరియా. బే, బే, బే, బే, బే. సాఫ్‌గ ఉన్నది. దాని కింద మీమ్, మౌలా అలీ. హే, హే, హే, హే, హే. హాజిర్. ఐదు దినాలు. చాలా? ఏ గుడ్డోడన్నా చదువుతడు దీన్ని.

… ఆ? … లూకాది బే అని చెప్పిన గదా. … చుక్కనా? బే కింద చుక్క ఉంటది మరి, చుక్క లేకుంటె బే ఎట్లయితది. … ఉన్నది. … ఉన్నది కింద. … ఎంత కిందనా? ఏం అడుగుతవు బిడ్డా, కింద అంటె కింద. నా చెయ్యి పరుగు మీద ఉంటది గదా, జెర జారుతది, జెర కిందికి…

ఆగు.

… ఏం లేదు. అద్దాలు పెట్టుకుంటున్న.

…

… లేదు. … ఉన్న. … వేలు పెట్టి చూస్తున్న, ఉండు.

బిడ్డా, నువ్వు చదివినట్టే చదువుతున్న. ఉన్నది ఉన్నట్టు. … లూకా గీతల ఒట్టి పల్లెం లెక్క ఉన్నది. దానికి చుక్క లేదు. చుక్క గీత దాటి కిందికి వచ్చింది. వచ్చి మౌలా అలీ హే నెత్తి మీద కూసున్నది. … ఒకటి గాదు. ఐదు. ఐదింటికి ఐదు.

ఖే. ఖే. ఖే. ఖే. ఖే.

… ఆ. ఖారిజ్. ఐదు దినాలు ఖారిజ్. పేరే లేదు పనిల. పేరు లేనోడు యాడున్నట్టు? వాళ్లు అనుకున్న కాడనే ఉన్నట్టు.

… వాళ్లు తప్పు చదవలే బిడ్డా. సక్కగ చదివిండ్రు. నీ లెక్కనే.

… ఎట్ల తెల్వలేదంటవా? ఈ పేజీ నేను వందసార్లు చూసిన. చూసినప్పుడల్ల హాజిర్ అనే చదివిన. వాడు వచ్చిండని నాకు తెలుసు గదా! తెలిసిందే చదివిన, ఉన్నది చదవలే. రెండేండ్ల సంది ఊర్ల అందరి ముంగట పటాలపోళ్లను తిడుతున్న. దొంగే దొంగ దొంగ అని ఉరికినట్టు. ఖమర్ బీ అడిగితె, సాఫ్‌గ ఉన్నది పెద్దమ్మా అన్న. నా నోట్లె మన్ను పడ, ఆమె పండుకున్న మంచం కాడ కూసోని, సాఫ్‌గ ఉన్నది అన్న.

… వద్దు బిడ్డా, మంచి మాటలు చెప్పకు. నాకు ఇప్పుడు మంచి మాటలు వద్దు.

… ఏమన్నవు? … ఎవ్వరికి తెలుస్తదా? నిజమే. ఎవ్వరికీ తెల్వది. వచ్చే నెల పాత పుస్తకాలన్నీ చిత్తు కాగితాల కింద తూకానికి పోతయట. ఉర్దూ చదివేటోళ్లు సుత దఫ్తర్ల ఉండరు. తెల్వది. … నువ్వు నా మంచికే చెప్తున్నవు. వాడు ఇప్పుడిప్పుడే బయటికి వస్తున్నడు, వచ్చినోన్ని ఎందుకు ఇంకింత ఏడిపిచ్చుడు అని. … ఆ… ఆ… కాదనను. …

… డాక్టర్ పిలుస్తున్నడా? పో. ఉన్న, పో.

…

…

ఆ… చెప్పు బిడ్డా. … ఉన్నయా! … పురుగుల గుడ్లు. శాన ఉన్నయా? … లెక్కపెట్టలేనన్ని. … అంటె షహర్ బానో చూసింది నిజమే. ఇగ నా పని అయిపోయింది, సచ్చేదాక అంటనే ఉంటది.

మందు పొయ్యొచ్చా? … పొట్లంల నాలుగో వంతు. … గోరువెచ్చని నీళ్లల. … పైపెదవి కింద సన్న గొట్టం పెట్టి, నిమ్మళంగ. … ముందుగాల పావుగంట గోరువెచ్చని నీళ్లల కూసోబెట్టాలె. మెడదాక గాదు, కాళ్లు మునిగేదాక. … పది దినాలకు మళ్లొకసారి. … బతుకుతదా? … చెప్పలేమన్నడా. … కండ్లు తెరుస్తున్నది, తెరుస్తున్నది. పొద్దుగాల నన్ను చూసింది. … అయితె ఆశ ఉన్నది అన్నడా. మంచిది. శాన మంచిది బిడ్డా. ఇయ్యాల సాయంత్రం సైరన్ కాంగనే ఇంటికి ఉరుకుత.

… పుస్తకం మూస్తున్న. ఉన్న. సోంచాయిస్తున్న.

బిడ్డా, నువ్వు ఇందాక అన్నవు గదా, ఎవ్వరికి తెలుస్తది అని. నీకు తెలిసె. నాకు తెలిసె. ఇగ రేపు వాడు బండి దిగి, 'పుస్తకం చూసి సుత నన్నెందుకు తీస్కపోయిండ్రు ఇమామ్ భాయ్' అని అడుగుతడు. అడగకుండ ఉండడు, రెండేండ్లు గదే సోంచాయించి ఉంటడు. నేను ఏమనాలె? చదవరానోళ్లు అని మళ్ల అనాల్నా? … అంటె నమ్ముతడు. అదే భయం నాకు. నేనేమన్నా నమ్ముతడు వాడు.

… తీస్కపోత. ఒక చేత తూఫాన్, ఒక చేత పుస్తకం. … ఫోర్‌మన్‌ను అడగను. చిత్తు కాగితమే గదా, ఒక పుస్తకం తక్కువ తూగని. … కొడ్తె కొడ్తడు. కొట్టే చెయ్యి గాదు వానిది. కొడ్తెనే నాకు మంచిగుంటది.

ఆ… సైరన్ ఇనబడ్డదా? ఇక్కడ చెవులు పగులుతున్నయి. … ఫోర్‌మన్ సాబ్ వస్తున్నడు, మెట్ల మీద ఉన్నడు. తొందరగ చెప్పు. … కొత్త ఫారం రాస్తున్నవా? పాతది చింపెయ్యకు బిడ్డా, నాకియ్యి, నా కండ్ల ముంగట పెట్టుకుంట. … రాస్కో. జంతువు: కచ్వా. కాఫ్. చే, కింద మూడు చుక్కలు, పల్లు కిందనే, పక్కకు పోవద్దు. రెండు కండ్ల హే. రెండు కండ్లు తెరిచి రాయి. వావ్. అలిఫ్. … నిమ్మళంగ రాయి, ఫోర్‌మన్ నిలవడని.

తెచ్చినోని పేరు? ఇమామ్. అలిఫ్, మీమ్, అలిఫ్, మీమ్. … ఆ. ఒక్క చుక్క సుత లేదు నా పేర్ల.

జంతువు మాలిక్ పేరు… మౌలా అలీ. మీమ్, వావ్, లామ్, అలిఫ్. ఐన్, లామ్, యే. … అవు. వాని పేర్ల సుత చుక్క లేదు.

యాడ పెట్టకు బిడ్డా. … వస్తున్న సాబ్, అయిపోయింది… ఉంట.